నౌకా విహారం బుకింగ్: ఏజెంటు ద్వారానా, నేరుగా సంస్థ వద్దనా?

ఛత్తీస్‌గఢ్‌కు సముద్ర తీరం లేదు. భిలాయ్ ఉక్కు నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు సముద్రమంటే ముందుగా గుర్తుకు వచ్చేది విశాఖపట్నం. సొంతూళ్లకు వెళ్లివచ్చే దారిలో తీరాన నిలబడి ఓడలను చూసినవారికి, అటువంటి ఓడలోనే రెండు మూడు రోజులు గడిపే అవకాశం ఇటీవలి సంవత్సరాల్లో అందుబాటులోకి వచ్చింది. ఉద్యోగ విరమణ సొమ్ములో కొంత భాగాన్నో, ఏళ్ల తరబడి కూడబెట్టిన పొదుపునో ఇందుకు వెచ్చించే కుటుంబాలకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ఇది: టికెట్టును ట్రావెల్ ఏజెంటు ద్వారా తీసుకోవాలా, నౌకా సంస్థ వద్ద నేరుగా కొనాలా?

చాలామంది దీనిని ధరకు సంబంధించిన ప్రశ్నగానే చూస్తారు. వాస్తవానికి రెండు మార్గాల్లోనూ ధర తరచుగా ఇంచుమించు సమానంగానే ఉంటుంది. అసలు తేడా ప్రయాణం అనుకున్నట్లు సాగనప్పుడు బయటపడుతుంది. ఓడ రద్దయితే ఎవరిని అడగాలి, వాపసు సొమ్ము ఎవరి చేతుల మీదుగా రావాలి, రైలు ఆలస్యమై ఓడ వెళ్లిపోతే నష్టం ఎవరిది అనే ప్రశ్నలకు సమాధానం బుకింగ్ నాడే నిర్ణయమైపోతుంది. అందువల్ల ఏజెంటా, నేరుగానా అని ఎంచుకోవడమంటే జవాబుదారీ ఎవరో ఎంచుకోవడమే.

భిలాయ్ నుంచి సముద్రానికి

సోవియట్ యూనియన్ సహకారంతో భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం నిర్మించేందుకు 1955లో ఒప్పందం కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. కర్మాగారంలో ఉపాధి కోసం దేశం నలుమూలల నుంచి వచ్చినవారిలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. వారిలో అనేక కుటుంబాలకు ఉత్తరాంధ్రతో బంధుత్వాలు నేటికీ కొనసాగుతున్నాయి.

భిలాయ్‌ని ఆనుకొని ఉన్న దుర్గ్ నుంచి విశాఖపట్నానికి 2024 సెప్టెంబరు 16న వందే భారత్ రైలు ప్రారంభమైంది. రాయ్‌పుర్, టిట్లాగఢ్, రాయగడ, పార్వతీపురం, విజయనగరం మీదుగా సుమారు 565 కిలోమీటర్ల దూరాన్ని ఈ రైలు దాదాపు ఎనిమిది గంటల్లో చేరుకుంటుంది. మరోవైపు విశాఖపట్నం పోర్టులో సుమారు 96 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో కేంద్ర నౌకాయాన శాఖ మంత్రి సర్బానంద సోనోవాల్ ప్రారంభించారు. అంతకు ముందే 2022 జూన్‌లో కార్డెలియా క్రూజెస్ సంస్థకు చెందిన 'ఎంప్రెస్' నౌక విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై మార్గంలో విహార యాత్ర నిర్వహించింది.

అయితే విశాఖ నుంచి విహార నౌకలు ఏడాది పొడవునా నడవవు. నౌకా సంస్థలు వాతావరణాన్ని, గిరాకీని బట్టి కొన్ని వారాలకు మాత్రమే యాత్రలు ప్రకటిస్తాయి. మిగిలిన కాలంలో భిలాయ్ ప్రయాణికులు ముంబయి, చెన్నై, కొచ్చి వంటి రేవులకు గానీ, సింగపూర్ వంటి విదేశీ రేవులకు గానీ వెళ్లవలసి ఉంటుంది. ఏ రేవుకు వెళ్లినా ఓడ టికెట్టుకు తోడు రైలు లేదా విమానం టికెట్టు, ఒక రాత్రి బస తప్పనిసరి. రేవు నగరంలో నివసించే వారికి లేని ఈ చిక్కు భిలాయ్ వారి నిర్ణయంలో కీలకమవుతుంది.

ధర ఎందుకు ఇంచుమించు ఒకటే

ఏజెంటుకు ఆదాయం ప్రధానంగా నౌకా సంస్థ చెల్లించే కమిషన్ ద్వారా వస్తుంది. టికెట్టు మొత్తంలో మూల ఛార్జీ ఒక భాగం కాగా, పోర్టు రుసుములు, పన్నులు మరొక భాగం. సాధారణంగా మూల ఛార్జీ మీదనే కమిషన్ లభిస్తుంది. ఏజెంట్లు తమ ధర కంటే తక్కువకు టికెట్లు ప్రకటించడాన్ని అనేక నౌకా సంస్థలు అంగీకరించవు. అందువల్ల సంస్థ వెబ్‌సైట్‌లో కనిపించే ధర, ఏజెంటు చెప్పే ధర సాధారణంగా దగ్గరగా ఉంటాయి. నేరుగా కొన్నంత మాత్రాన కమిషన్ సొమ్ము ప్రయాణికుడికి మిగులుతుందనుకోవడం సరికాదు.

తేడా రెండు సందర్భాల్లో వస్తుంది. కొందరు ఏజెంట్లు కొన్ని కేబిన్లను ముందుగానే బృంద ధరకు తీసుకొని ఉంచుతారు. ఒకే సెక్టారుకు చెందిన ఐదారు కుటుంబాలు కలిసి బయలుదేరినప్పుడు ఈ ధర ప్రయోజనకరంగా ఉండవచ్చు. రెండో సందర్భంలో ఏజెంటు తన సేవలకు విడిగా రుసుము వసూలు చేస్తాడు. ఈ రుసుము తప్పు కాదు. అయితే దానిని రసీదులో విడిగా చూపించమని అడిగే హక్కు ప్రయాణికుడికి ఉంది. టికెట్టు రద్దు చేసుకున్నప్పుడు నౌకా సంస్థ కోసుకునే మొత్తానికి అదనంగా ఏజెంటు రుసుము కూడా పోతుందా అనేది ముందే తెలుసుకోవాలి.

ధరలను పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే కొలతతో చూడాలి. ప్రకటనల్లో కనిపించే ధర సాధారణంగా ఇద్దరు ఒకే కేబిన్‌లో ఉంటారన్న లెక్కతో ఒక్కొక్కరికి చెప్పేది. ఒంటరిగా ప్రయాణించేవారు రెండో పడకకు కూడా కొంత లేదా పూర్తి మొత్తం చెల్లించవలసి రావచ్చు. విదేశీ నౌకల్లో సిబ్బందికి ఇచ్చే టిప్పులను రోజుకు ఇంత చొప్పున బిల్లులో చేరుస్తారు. తీర యాత్రలు, ఇంటర్నెట్, కొన్ని రకాల భోజనాలు అదనం. అన్నీ కలిపిన చివరి మొత్తాన్ని రెండు చోట్లా రాయించుకొని పోల్చినప్పుడే ఏది చవకో తెలుస్తుంది.

నేరుగా కొంటే

నేరుగా కొన్నవారికి మధ్యవర్తి ఉండడు. కేబిన్ మార్పు, పేరులో అక్షర దోషం సవరణ, రద్దు, వాపసు వంటి వ్యవహారాలన్నీ సంస్థతోనే నడుస్తాయి. చెల్లించిన సొమ్ము ఎక్కడికి చేరిందన్న సందేహానికి తావు లేదు. వాపసు వచ్చినప్పుడు అది నేరుగా ప్రయాణికుడి ఖాతాకో, కార్డుకో చేరుతుంది. దేశంలోనే సాగే రెండు మూడు రాత్రుల యాత్రకు, ఇంటర్నెట్‌లో లావాదేవీలు అలవాటైనవారికి ఈ మార్గం సులువు.

అయితే నౌకా సంస్థ బాధ్యత ఓడకే పరిమితం. దుర్గ్ నుంచి రేవు వరకు వెళ్లే రైలు, రేవు నగరంలోని హోటలు దాని ఒప్పందంలో ఉండవు. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు. ఓడ రద్దయితే రైలు టికెట్టు సొమ్ము పూర్తిగా తిరిగి రాదు. ప్రయాణికుడే రైలు టికెట్టును రద్దు చేసుకోవాలి, అందులో కోత తప్పదు. ఉదయం దుర్గ్‌లో రైలెక్కి అదే సాయంత్రం విశాఖలో ఓడ ఎక్కవచ్చని కాగితం మీద లెక్క కుదరవచ్చు. కానీ ఓడలో ప్రవేశానికి తనిఖీలు బయలుదేరే వేళకు చాలా ముందుగానే ముగుస్తాయి. రేవు నగరానికి ముందు రోజే చేరుకోవడం క్షేమం.

వెబ్‌సైట్లలో కొనేవారు మరొక విషయాన్ని గమనించాలి. కోరకుండానే బీమాను, ఇతర సేవలను బిల్లులో చేర్చడం, మొదట తక్కువ ధర చూపి చివరి దశలో రుసుములు కలపడం, లేని తొందరను సృష్టించడం వంటి పద్ధతులను నిషేధిస్తూ కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలు జారీ చేసింది. "రెండు కేబిన్లే మిగిలాయి" అన్న ప్రకటన చూసి ఆందోళనతో డబ్బు చెల్లించవలసిన అవసరం లేదు.

ఏజెంటు ద్వారా కొంటే

మంచి ఏజెంటు అందించే విలువ సలహాలో ఉంటుంది. మోకాళ్ల నొప్పులున్న వృద్ధులకు లిఫ్టుకు దగ్గరగా ఉండే కేబిన్, ఓడ ఊగడం పడనివారికి కింది అంతస్తులో మధ్య భాగాన ఉండే గది, శాకాహారులకు ముందస్తు భోజన ఏర్పాటు వంటివి అనుభవజ్ఞుడైన ఏజెంటు అడిగి మరీ చూసుకుంటాడు. లక్షద్వీప్ యాత్రకు ప్రవేశ అనుమతి, శ్రీలంక వంటి దేశాల రేవులకు పాస్‌పోర్టు, వీసా అవసరాలను గుర్తుచేస్తాడు. రైలు, హోటలు, ఓడ మూడింటినీ కలిపి ఒకే ప్యాకేజీగా ఒకే ధరకు అమ్మినప్పుడు, వాటిలో ఒకటి దెబ్బతింటే జవాబు అడగడానికి ఒకే చోటు ఉంటుంది. భిలాయ్ వంటి ఊరికి ఇది చిన్న సౌకర్యం కాదు.

దీనికి మరో పక్క కూడా ఉంది. ఏజెంటు ద్వారా నమోదైన బుకింగ్‌లో మార్పులను నౌకా సంస్థలు సాధారణంగా ఆ ఏజెంటు ద్వారానే స్వీకరిస్తాయి. ప్రయాణికుడు నేరుగా ఫోన్ చేసినా "మీ ఏజెంటును సంప్రదించండి" అన్న సమాధానమే రావచ్చు. వాపసు సొమ్ము కూడా ముందు ఏజెంటుకు, తర్వాతే ప్రయాణికుడికి చేరుతుంది. పరిచయస్థుడన్న నమ్మకంతో రసీదు లేకుండా అడ్వాన్సు ఇచ్చిన సందర్భంలో కష్టం వస్తే చేతిలో ఆధారం ఉండదు. కేంద్ర పర్యాటక శాఖ ట్రావెల్ ఏజెంట్లకు, టూర్ ఆపరేటర్లకు ఇచ్చే గుర్తింపు స్వచ్ఛందమైనది. గుర్తింపు లేకుండా వ్యాపారం చేయడం నేరం కాదు, అయినప్పటికీ గుర్తింపు ఉందా అని అడగడం మంచి మొదటి ప్రశ్న.

రసీదు మీద ఎవరి పేరుంది

ఇక్కడ 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ప్రసక్తి వస్తుంది. ఆ చట్టంలోని 230వ సెక్షన్ ప్రకారం, వేరొకరి తరఫున ఒప్పందం కుదిర్చిన ఏజెంటు, విరుద్ధంగా ఒప్పందం లేనంతవరకు, దానికి వ్యక్తిగతంగా కట్టుబడడు. అసలు పక్షం పేరును ఏజెంటు వెల్లడించనప్పుడు, లేదా అసలు పక్షంపై దావా వేయడం సాధ్యం కానప్పుడు మాత్రం అతడు కట్టుబడి ఉన్నట్లు చట్టం భావిస్తుంది.

సాధారణ పరిభాషలో చెప్పాలంటే, రసీదు మీద "ఫలానా నౌకా సంస్థ తరఫున" అని ఉంటే ఓడకు సంబంధించిన జవాబుదారీ ఆ సంస్థది. ఏజెంటు తన పేరు మీదనే మొత్తం యాత్రను ప్యాకేజీగా అమ్మితే జవాబుదారీ అతనిది. ఈ రెండింటిలో ఏదో తెలియని రసీదు ప్రమాదకరం. మధ్యవర్తిత్వం చిన్న దుకాణాలకే పరిమితం కాదు. రైల్వే శాఖకు చెందిన ఐఆర్‌సీటీసీ కూడా కార్డెలియా సంస్థతో ఒప్పందం కుదుర్చుకొని 2021 సెప్టెంబరు నుంచి ఓడ టికెట్లు విక్రయించింది. విక్రేత ప్రభుత్వ రంగ సంస్థ అయినప్పటికీ, ఓడను నడిపేది ఎవరు, రద్దు నిబంధనలు ఎవరివి అన్న ప్రశ్నలు అలాగే వర్తిస్తాయి.

యాత్ర మారినప్పుడు, సంస్థ మూతపడినప్పుడు

2022 జూన్‌లో విశాఖ నుంచి బయలుదేరిన నౌకకు పుదుచ్చేరి ప్రభుత్వం నుంచి అనుమతి లభించలేదు. ఓడలో జూద క్రీడలున్నాయన్న అభ్యంతరాల నడుమ, ప్రయాణికులు అక్కడ దిగకుండానే నౌక ముందుకు సాగవలసి వచ్చింది. వాతావరణం, భద్రత, ప్రభుత్వ ఆదేశాల వంటి కారణాలతో రేవును మార్చే లేదా వదిలివేసే అధికారాన్ని నౌకా సంస్థలు తమ ప్రయాణ ఒప్పందంలోనే రాసుకుంటాయి. ఏజెంటు ద్వారా కొన్నా, నేరుగా కొన్నా ఈ నిబంధన ఒకటే. ప్రకటనలోని మార్గపటం ఒక ప్రణాళిక మాత్రమే.

నేరుగా కొన్నంత మాత్రాన సొమ్ము పూర్తిగా భద్రమని కూడా చెప్పలేము. 2019 ఏప్రిల్‌లో 'కర్ణిక' నౌకతో ప్రారంభమైన భారతీయ సంస్థ జలేష్ క్రూజెస్, కొవిడ్ కాలంలో 2020లో కార్యకలాపాలు నిలిపివేసింది. ఆ ఓడ గుజరాత్‌లోని అలంగ్ తీరానికి తుక్కుగా చేరింది. మధ్యవర్తి సంస్థలూ ఇందుకు అతీతం కావు. బ్రిటన్‌కు చెందిన థామస్ కుక్ సంస్థ 2019 సెప్టెంబరు 23న మూతపడినప్పుడు, దాదాపు లక్షా యాభై వేల మంది బ్రిటిష్ ప్రయాణికులను స్వదేశానికి చేర్చవలసి వచ్చింది. అక్కడ విమాన ప్యాకేజీలకు చట్టబద్ధమైన రక్షణ నిధి ఉండడం వల్ల ప్రయాణికులకు ఆసరా లభించింది. భారతదేశంలో ట్రావెల్ సంస్థ దివాలా తీస్తే ప్రయాణికులకు చెల్లించే అటువంటి చట్టబద్ధ నిధి లేదు.

ఈ కారణంగా మొత్తం సొమ్మును నెలల ముందే చెల్లించకుండా, అడ్వాన్సుకు, తుది చెల్లింపు గడువుకు మధ్య వ్యవధి ఉన్న పథకాన్ని ఎంచుకోవడం వివేకం. నగదుకు బదులు కార్డు ద్వారా చెల్లిస్తే, సేవ అందనప్పుడు బ్యాంకు ద్వారా చెల్లింపును సవాలు చేసే వీలుంటుంది. ప్రయాణ బీమా తీసుకునేవారు అది అనారోగ్యానికే వర్తిస్తుందా, సంస్థ మూతపడినా వర్తిస్తుందా అని పాలసీలో చూసుకోవాలి.

గోదావరి నేర్పిన పాఠం

భిలాయ్ నుంచి జగదల్‌పూర్, కోంటా మీదుగా భద్రాచలం చేరుకొని పాపికొండల విహారానికి వెళ్లే కుటుంబాలూ ఉన్నాయి. నదిలో పడవకు బుకింగ్ సముద్ర యాత్ర కంటే తేలికగా, ఒక్క ఫోన్ పిలుపుతో ముగుస్తుంది. ప్రయాణికుడికి చాలాసార్లు పడవ పేరు కూడా తెలియదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవ గోదావరిలో మునిగి 50 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వరద ఉద్ధృతంగా ఉన్న సమయంలో జరిగిన ఆ దుర్ఘటన తర్వాత పడవల రాకపోకలను పర్యవేక్షించేందుకు కంట్రోల్ రూములు ఏర్పాటయ్యాయి.

బుకింగ్ చేసేది ఎవరైనా ప్రయాణికుడు అడగవలసిన ప్రశ్నలు ఒకటే: పడవ పేరేమిటి, నిర్వాహకుడెవరు, ఆ రోజు అనుమతి ఉందా, ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉందా. సమాధానం చెప్పలేని విక్రేత వద్ద టికెట్టు తక్కువ ధరకు దొరికినా తీసుకోరాదు.

పన్ను, గుర్తింపు పత్రాలు

విదేశీ యాత్రా ప్యాకేజీని భారతదేశంలోని విక్రేత అమ్మినప్పుడు, మూలం వద్ద పన్ను వసూలు చేసే నిబంధన 2020 అక్టోబరు 1 నుంచి అమలులో ఉంది. రేట్లు, పరిమితులు ఆ తర్వాత పలుమార్లు మారాయి కాబట్టి చెల్లించే నాటి రేటును అడగాలి. ఇది ఏజెంటు లాభం కాదు. ప్రయాణికుడి పాన్ నంబరు మీద జమ అయ్యే ఈ మొత్తాన్ని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, వాపసు కోరవచ్చు. ఉద్యోగ విరమణ చేసి పన్ను పరిధిలోకి రానివారు కూడా ఈ సొమ్ము కోసం రిటర్ను దాఖలు చేయవలసి ఉంటుంది.

టికెట్టులోని పేరు గుర్తింపు పత్రంలోని పేరుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి. ఇంటిపేరు ఒక పత్రంలో ముందు, మరొక పత్రంలో వెనుక ఉండడం, హిందీ ఉచ్చారణను అనుసరించి అక్షరక్రమం మారడం భిలాయ్ తెలుగు కుటుంబాల్లో కనిపించే ఇబ్బంది. బుకింగ్‌కు ముందే దీనిని సరిచూసుకోవాలి.

వివాదం వస్తే

గతంలో వినియోగదారుడు ప్రతివాది ఉన్న చోటికో, వివాదం తలెత్తిన చోటికో వెళ్లి ఫిర్యాదు చేయవలసి వచ్చేది. 2020 జులై 20 నుంచి అమలులోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఫిర్యాదుదారుడు తాను నివసించే లేదా పనిచేసే చోటనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చు. నౌకా సంస్థ కార్యాలయం ముంబయిలో ఉన్నా, భిలాయ్ వాసి దుర్గ్ జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల వరకు ఉన్న కేసులను జిల్లా కమిషన్ విచారిస్తుంది. 5 లక్షల వరకు దాఖలు రుసుము లేదు. వివాదం తలెత్తిన రెండేళ్లలోగా ఫిర్యాదు చేయాలి. తొలి దశలో 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ సహాయం పొందవచ్చు.

అయితే ఏ వేదిక అయినా పత్రాలనే అడుగుతుంది. రసీదు, రద్దు నిబంధనల ప్రతి, చెల్లింపు ఆధారం, నౌకా సంస్థ జారీ చేసిన బుకింగ్ నంబరు భద్రపరచాలి. ఏజెంటు ద్వారా కొన్నవారు ఆ నంబరును నౌకా సంస్థ వెబ్‌సైట్‌లోనో, ఫోన్ ద్వారానో ఒకసారి సరిచూసుకుంటే, తమ పేరు మీద కేబిన్ నిజంగా నమోదైందో లేదో ఆ రోజే తెలిసిపోతుంది.

ఎవరికి ఏది

రేవు నగరంలో బంధువుల ఇంట బస ఉండి, దేశంలోనే చిన్న యాత్రకు వెళ్లేవారికి, ఇంటర్నెట్‌లో నిబంధనలు చదివి అర్థం చేసుకోగలవారికి నేరుగా కొనడం సరిపోతుంది. తొలిసారి విదేశీ నౌక ఎక్కేవారికి, వృద్ధులతో కలిసి వెళ్లేవారికి, నాలుగైదు కుటుంబాలుగా బయలుదేరేవారికి, రైలు, హోటలు, ఓడ మూడూ ఒకదానిపై ఒకటి ఆధారపడినప్పుడు, మొత్తం యాత్రకు తన పేరు మీద రాతపూర్వకంగా బాధ్యత వహించే ఏజెంటు మేలు. ఓడ టికెట్టు మాత్రమే ఇచ్చి మిగిలినవి మీరే చూసుకోండి అనే ఏజెంటు వద్ద కొనడంలో, సంస్థ వద్ద నేరుగా కొనడం కంటే అదనపు రక్షణ ఏమీ ఉండదు.

మార్గం ఏదైనా, డబ్బు చెల్లించే ముందు ఒక ప్రశ్నకు రాతపూర్వక సమాధానం తీసుకోవాలి: యాత్ర రద్దయితే ఎంత సొమ్ము, ఎన్ని రోజుల్లో, ఎవరు తిరిగి ఇస్తారు? ఈ మూడింటికీ స్పష్టమైన జవాబు ఇచ్చిన చోటనే టికెట్టు కొనడం శ్రేయస్కరం.